ఎర్రకణాల అంచున ఊదా చుక్కలు

స్లైడు మురికిగా ఉందనుకున్నాను. ల్యాబులో పనిచేసేవాడికి ఎప్పుడూ చూడనిది ఏదైనా కనబడితే ముందు వచ్చే ఆలోచన అదే. గాజు సరిగ్గా తుడవలేదనో, రంగు వడకట్టలేదనో అనుకుంటాం. రంగును మళ్లీ వడకట్టాను. కొత్త గాజు పలక తీశాను. పాపం, ఆ మనిషి వేలు మళ్లీ గుచ్చాను. అవే చుక్కలు! ఎర్రకణం లోపల, అంచుకు అతుక్కుని, ఊదా రంగులో మెరుస్తున్నాయి. నాకప్పటికి సర్వీసు ఎక్కువ లేదు గానీ మలేరియా పురుగును నిద్రలో లేపి చూపించినా గుర్తుపట్టేవాణ్ణి. ఇవి ఆ పురుగులు కావు. మరేమిటో తెలియదు.

ఇప్పుడు ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలకు ఈ అవస్థ లేదు. యంత్రానికి రక్తం అందిస్తారు, అది కాగితం అందిస్తుంది. మంచిదే, నాకేం ఈర్ష్య లేదు. కొంచెం ఉంది. కానీ మీరంతా యాంటీ ఆక్సిడెంట్లు, యాంటీ ఆక్సిడెంట్లు అంటూ ఉసిరి రసాలూ ఆకు చాయ్‌లూ సీసాల కొద్దీ కొనుక్కుంటున్నారు చూడండి, దానికి మాత్రం నవ్వొస్తుంది. మొన్న నా మనవరాలు ఒక సీసా తెచ్చి, “తాతా, ఇది తాగితే ముసలితనం రాదట” అంది. “నీకు కబురు ఆలస్యంగా అందిందే తల్లీ, అది వచ్చి పీట వేసుకుని కూచుని చాలా కాలమైంది” అన్నాను. ఆ పిల్ల నవ్వి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ సీసా చేతిలో పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. ఆ సీసా మీద యాంటీ ఆక్సిడెంట్ అని రాసిన మాటకు అర్థం నేను ఒక మనిషి నెత్తుట్లో, నా కళ్లతో చూశాను. అది చెప్పాలనే ఈ రాత.

అరవైల మొదట్లో సంగతి. నందికొండ దగ్గర కృష్ణమ్మకు అడ్డంగా ఆనకట్ట లేస్తోంది. ఇటు హాలియా వైపు కాలువ తవ్వుతున్నారు. తవ్వేవాళ్లలో ఎక్కువమంది పాలమూరు జిల్లా వాళ్లు. వానలు లేక చేలు ఎండిపోతే, తలుపులకు గొళ్లెం పెట్టి, ఆలుమగలు పిల్లలతో సహా పలుగూ పారా పట్టుకుని వచ్చేసేవాళ్లు. కాలువ వెంబడి కిలోమీటర్ల కొద్దీ తుంగ గుడిసెలు. వాటి మధ్య రేకుల షెడ్డులో మా దవాఖాన. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఒక మైక్రోస్కోపు, దాని వెనక నేను.

మా పనిలో ముప్పాతిక మలేరియాయే. తవ్విన గుంతల్లో నీళ్లు, నీళ్ల మీద దోమలు, దోమల కింద జనం. గుడిసె గుడిసెకూ తిరిగి, జ్వరం వచ్చినవాళ్ల వేలు గుచ్చి రక్తం తెచ్చే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. అందరూ ‘మలేరియా ఆయన’ అనేవాళ్లు. నేను పురుగు ఉందంటే ఆయన గోలీలు తీసుకెళ్లి ఇచ్చేవాడు. పెద్ద గోలీ జ్వరం దించడానికి. చిన్న గోలీ కాలేయంలో దాక్కున్న పురుగును చంపడానికి. చిన్నది రెండు వారాలు మింగాలి, చిక్కంతా అక్కడే. జ్వరం దిగాక గోలీ మింగే పిచ్చివాడు ఎవడు? మిగతా చోట్ల జనం వాటిని గుడిసె వెనక పారేసేవాళ్లు. ఈయన తిరిగే క్యాంపుల్లో మాత్రం ఒక్క గోలీ వృథా పోయేది కాదు. ఎలా సాధిస్తున్నాడో మాకు అంతు పట్టేది కాదు. అడిగితే మీసం తడుముకుని, “నా తరీఖ నాకున్నది లెండ్రి” అనేవాడు, తన పద్ధతి తనకుందని.

జడ్చర్ల వైపు నుంచి వచ్చిన ఒక కాపు కుటుంబం ఆ క్యాంపుల్లోనే ఉండేది. మొగుడు కండ గల మనిషి, పెళ్లాం సన్నగా చురుగ్గా ఉండేది, చంకలో ఆడపిల్ల. అతని రక్తంలో పురుగు చూసింది నేనే. గోలీలు మొదలైన రెండు మూడు రోజులకు అతన్ని ఎడ్లబండి మీద పడుకోబెట్టి తెచ్చారు. కళ్లు పసుపు, పెదాలు తెల్ల కాగితం. ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. ఆమె ఒక సీసా తీసి కాంపౌండరు చేతిలో పెట్టింది.

“ఏమమ్మా, చాయ్ తెచ్చినవా మాకు?” అన్నాడు కాంపౌండరు. నోటి దురద మనిషి.

“చాయ్ కాదన్నా. ఆయన ఒంటికి పోయింది.”

కాంపౌండరు ముఖంలో నవ్వు మాయమైంది. సీసాలోని మూత్రం నిజంగానే పాలు పోయని చాయ్ రంగులో ఉంది.

మా డాక్టరు హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చి ఎంతో కాలం కాలేదు. సీసాను వెలుతురులో పెట్టి చూసి, మలేరియా మనుషుల్లో ఇలా నల్లగా రావడం రెండు రకాలుగా ఉంటుందన్నాడు. ఒకటి మలేరియా ముదిరి రావడం. అదైతే వెంటనే గట్టి మలేరియా మందు సూదితో ఎక్కించాలి. రెండోది, కొందరికి ఆ మందు వల్లనే రావడం. అప్పుడు మందు ఆపాలి. ఒకదానికి బదులు ఇంకోటి చేస్తే మనిషి దక్కడు. చదువుకునేటప్పుడు వాళ్ల గురువు ఒక పాఠంలో చెప్పాడట, పచ్చి రక్తంలో ఊదా రంగు కలిపి చూస్తే తేడా తెలుస్తుందని. ఆ రంగు వేరే పరీక్షల కోసం నా దగ్గర ఉంది. అలా చూసినప్పుడే నాకు ఆ చుక్కలు కనబడ్డాయి.

డాక్టరు మైక్రోస్కోపు మీద వంగి, చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. మనిషి చావుబతుకుల్లో ఉంటే ఈయనకు ఈ సంబరమేమిటని ఒక్క క్షణం కోపమొచ్చింది నాకు.

“గిది పురుగు కాదు భై. కణం లోపలి ఎర్ర పదార్థం, ప్రోటీను. దెబ్బ తిని ముద్దగట్టి, ఓ మూలకు పడ్డది.”

“దెబ్బెవరు కొట్టిన్రు సార్?”

“మనమే. మన చిన్న గోలీ.”

తర్వాత ఆయన చెప్పింది నేను బతికినన్నాళ్లూ మరవను. ప్రాణవాయువు మనల్ని బతికిస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, అదే మనల్ని కాలుస్తుంది కూడానట. ఎర్రకణం పుట్టిన దగ్గర్నుంచి ఆ నిప్పును ఒళ్లో పెట్టుకుని తిరుగుతుంది. కాలకుండా కాపాడే సరుకు ఒకటి, మీ సీసాల మీది యాంటీ ఆక్సిడెంట్ లాంటిది, దానికి లోపలే ఉంటుంది. నిప్పు వచ్చి ప్రోటీనును తాకబోతే ఆ సరుకు ముందుకొచ్చి తాను కాలుతుంది. కాలినదాన్ని మళ్లీ బాగుచేసే ఏర్పాటూ లోపలే ఉంది. ప్రతి కణంలో, ప్రతి ఊపిరికీ ఇదే తంతు! నేను పొద్దస్తమానం చూస్తూ, లెక్కపెడుతూ, కడిగి పారబోస్తూ వచ్చిన రక్తంలో ఇంత యుద్ధం జరుగుతోందని నాకు ఒక్కరు చెప్పలేదు. ఈ మనిషికి ఆ బాగుచేసే ఏర్పాటు పుట్టుకతోనే కొరత. మామూలు రోజుల్లో తెలియదు, పలుగు పట్టి పనిచేసుకున్నాడు. గోలీ లోపలికి వెళ్లి నిప్పును ఎగదోసింది.

“మరి అన్ని కణాలు పోతయా సార్?” అన్నాను.

“పోవు. ముసలియే పోతయి. మన కణాలకు ఆయుష్షు నాలుగు నెల్లు. ముసలైనకొద్ది ఆ ఏర్పాటు అరిగిపోతది. పడుచు కణాలకు ఇంక జర బలముంటది, తట్టుకుంటయి. గోలీ ఆపితే చాలు, పడుచుయే ఆయన్ని మోస్తయి. ఎముకల మూలగల కొత్తయి పుడతయి. మనం ఏం చెయ్యొద్దు. ఊకె కూసోవాలె.”

ఊరికే కూచోవడం ఎంత కష్టమో వైద్యంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఎక్కించడానికి రక్తం కావాలంటే హైదరాబాదు పోవాలి. ఆ దారిలో లారీ మీద వేస్తే ఈ మనిషి దేవరకొండ దాటడు. డాక్టరు గోలీలు ఆపమని రాసి, నీళ్లు బాగా తాగించమని చెప్పి, మంచం పక్క కుర్చీ వేసుకున్నాడు.

మర్నాడు సీసా అలాగే నల్లగా ఉంది. ఆ మర్నాడు ఇంకా నల్లగా ఉంది. మనిషి మాట్లాడటం మానేశాడు. పిలిస్తే కళ్లు మాత్రం తిప్పేవాడు. కాంపౌండరు నన్ను పక్కకు లాగి, “గీ సారు చదువు మీదనే నడుస్తాండు గని, ఇది ముదిరిన మలేరియానే. సూది ఎయ్యకుంటె మనిషి ఖతం” అన్నాడు. డాక్టరుకూ ఆ అనుమానం పట్టుకుంది. గోలీ ఆపాక తగ్గాలి కదా, ఎందుకు తగ్గడం లేదు? పాఠంలో విన్నది నమ్మి తప్పు చేశానా? ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. చివరికి సూది మందు సిద్ధం చెయ్యమన్నాడు. చేసేముందు ఒక్కసారి రక్తం చూడమని నాకు చెప్పాడు.

చూశాను. ఊదా చుక్కలు తగ్గలేదు సరికదా, మొన్నటికంటే ఎక్కువ కణాల్లో కనబడ్డాయి. పిలిచి చూపించాను. డాక్టరు తల ఎత్తి నా వైపు చూశాడు.

“గోలీ ఇంక లోపలికి పోతాంది” అన్నాడు.

“ఎవరిస్తరు సార్? మనం ఆపినం గద.”

ఇద్దరం ఒకేసారి మంచం వైపు తిరిగాం. ఆమె మొగుడి తలను ఒళ్లో పెట్టుకుని, జొన్న గటకను మజ్జిగతో జారుగా కలిపి, కొంచెం కొంచెం నోట్లో పెడుతోంది. మేం గోలీ ఆపింది కాగితం మీద. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

డాక్టరు దగ్గరకు వెళ్లి మెల్లగా అడిగాడు. “ఏమమ్మా, మలేరియా ఆయన ఇచ్చిన గోలీలు ఏడున్నయి?”

ఆమె కొంగు ముడి విప్పి పొట్లం చూపించింది. ముఖంలో ఎంత గర్వమో! “గియ్యో సారు. దినాం గటకల నూరి పెడ్తున్న. ఒక్క పొద్దు గూడ తప్పలే.”

డాక్టరు ఆమె పక్కన నేల మీద కూచున్నాడు. ఆ గోలీ అందరికీ మంచిదేగానీ మీ ఆయన ఒంటికి పడదని, ఈ నలుపంతా దానివల్లేనని విడమర్చి చెప్పాడు. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత గిన్నె కింద పెట్టేసింది.

“అంటే, నా చేతుల్తోనే…” అంది.

“నీ తప్పు లేదు తల్లీ. ఇప్పుడన్న ఆపుదాం. ఆ పొట్లం ఇటియ్యి.”

ఆమె ఇవ్వలేదు! పొట్లాన్ని గుప్పిట్లో బిగించి గుండెకు ఆనించుకుంది. కాంపౌండరు కేకలేశాడు. “ఏం ఆడిదానివమ్మా, మొగన్ని సంపుకుంటవా?” డాక్టరు అతన్ని ఆపి, ఎందుకమ్మా అని అడిగాడు. అప్పుడు బయటపడింది మలేరియా ఆయన తరీఖ.

“పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టిచ్చి ఒట్టేపిచ్చిండు సారు. గోలీలన్ని వొడిసేదాంక ఒక్క దినం గూడ ఇడువనని. ఇడిస్తె ఒట్టు తప్పినట్టేనాయె. గోలీ ఇస్తె ఆయన పోతడంటరు. ఇయ్యకుంటె పిల్ల పోతది. నన్నేం జెయ్యమంటరు సారు?”

నవ్వకండి. మీలో ఎవరైనా ఇది చదివి నవ్వితే ఇక్కడితో ఆపి పుస్తకం మూసేయండి. బిడ్డ మీద ఒట్టు అంటే ఆ ఇళ్లలో ఏమిటో నాకు తెలుసు, నేనూ ఆ ఇళ్లలోంచే వచ్చాను. పొట్లం లాక్కోవడం ఎంతసేపు? కానీ లాక్కుంటే ఆమె మొగుణ్ణి బండి ఎక్కించి తీసుకుపోయేది. లేదా రేపు పిల్లకు దగ్గు వచ్చినా తనే చంపుకున్నానని జన్మంతా ఏడ్చేది.

“నేను డాక్టర్ను, నేను చెప్తున్న. ఆ ఒట్టు నేను తీసేస్తున్న” అన్నాడు డాక్టరు.

“మీరు పెద్దోళ్లు సారు. కని మీరేపియ్యలే గద. ఏపిచ్చినోడే తియ్యాలె.”

డాక్టరు నా వైపు చూశాడు. నేను అప్పటికే సైకిలు స్టాండు తీస్తున్నాను.

మలేరియా ఆయన ఆ పూట కాలువ కింది వైపు క్యాంపులో ఉన్నాడు. ఎండ నెత్తి మీద, దారంతా తవ్విపోసిన మట్టి గుట్టలు. తొక్కింది కొంత, మోసింది కొంత. దొరికాడు. ఒక గుడిసె ముందు ఎవరి వేలో పట్టుకుని సూది గుచ్చబోతున్నాడు. ఆయాసంతో నేను చెప్పింది ఆయనకు ఎంత అర్థమైందో గానీ, ‘నీ గోలీ’ అన్న మాట మాత్రం అందింది. సూది పెట్టెలో పెట్టేసి, నన్ను సైకిలు వెనక కూచోబెట్టుకుని తనే తొక్కాడు.

దవాఖానకు వచ్చాక తొట్టి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. మంచం మీది మనిషిని చూశాడు. ఎంతమందికి జ్వరం తిరగబెట్టకుండా చేశానో అని గర్వంగా తిరిగిన మనిషి. ఆయన్ని తిట్టాలనుకున్న కాంపౌండరు కూడా జరిగి దారిచ్చాడు. ఆయన వెళ్లి ఆమె ముందు గొంతుకూచుని, పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

“చెల్లె, నేనేపిచ్చిన ఒట్టు నేనే తీస్తున్న. తీసి గట్టు మీద పెడ్తున్న. నీకూ నీ బిడ్డకూ ఏం గాదు. అయ్యేదేదన్న ఉంటె నాకే కావాలె, నా పిల్లల మీదికే రావాలె.”

ఆ చివరి మాట ఆయన అనక్కర్లేదు. ఎవరూ అడగలేదు. ఆయనకు ఇద్దరు చిన్న పిల్లలున్నారని మా అందరికీ తెలుసు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. అప్పుడు గుప్పిట విప్పింది.

సూది వెయ్యలేదు. మళ్లీ ఊరికే కూచున్నాం, ఈసారి మలేరియా ఆయనతో కలిపి నలుగురం. ఒక పొద్దున సీసాలోది నల్ల చాయ్ కాక పలచటి చారు రంగులో కనబడింది. కాంపౌండరు దాన్ని ఎండలో ఎత్తి పట్టుకుని పెళ్లికొడుకును ఊరేగించినట్టు దవాఖానంతా తిప్పాడు. తర్వాత అది తేటపడింది. మనిషి కళ్లు తెరిచి మొదట అడిగింది ఉల్లిగడ్డ నంజుకుని గటక తింటానని.

అందరూ మింగే గోలీ మాకే ఎందుకు పడలేదని ఆమె అడిగింది. డాక్టరు కొంచెం ఆలోచించి, “వంకాయ కోసి ఉప్పు నీళ్లల్ల ఎందుకేస్తవ్?” అన్నాడు.

“గాలి తాకితె నల్లవడ్తది గద సారు.”

“గంతే. మన నెత్తుట్ల గూడ గసుంటి నీళ్లున్నయి. మీ ఆయనకు పుట్టుకతోనే జర తక్కువున్నయి. నీ బిడ్డకు రేపు కొడుకులు పుడితె వాళ్లకూ రావచ్చు. గీ గోలీ మాకు పడదని అప్పుడు చెప్పాలె, యాదికుంచుకో.”

ఆమె తలూపింది. నాకు మాత్రం ఆ వంకాయ ముక్కలు ఇప్పటికీ కళ్లల్లో ఉన్నాయి. ముసలితనమంటే ఇదే కదా అనిపిస్తుంది. దెబ్బలు తగలడం కాదు, అవి పుట్టినప్పట్నుంచీ తగులుతూనే ఉన్నాయి. తగిలిన ప్రతిసారీ లోపల ఎవరో అడ్డం నిలబడ్డారు, కాలిపోయారు, మళ్లీ లేచారు. ఇప్పుడు లేవడం ఆలస్యమవుతోంది, అంతే. ఈ చేతులు ఇంతకాలం నల్లబడకుండా ఎలా ఉన్నాయా అని ఆశ్చర్యపోతాను గానీ, ఇప్పుడెందుకు ముడతలు పడ్డాయని బాధపడను. మనవరాలి సీసా రసం కూడా తాగాను లెండి. పుల్లగా బాగానే ఉంది.

వాళ్లు వెళ్లిపోయే ముందు నేను చివరిసారి అతని రక్తం తీశాను. ఈసారి వేరే రంగు, నీలం. అప్పుడే మూలగలోంచి బయటికొచ్చిన కణాలకు ఆ రంగు పడితే లోపల సన్నని నీలపు దారాల వల కనబడుతుంది. మామూలుగా అలాంటివి అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతాయి. ఆ రోజు ఎటు తిప్పినా అవే! గుంపులు గుంపులు! అంత పెద్ద ఆనకట్ట పని చూశాను, అన్ని వేలమంది మట్టి మోయడం చూశాను, నా ఒళ్లు ఎప్పుడూ ఇలా గగుర్పొడవలేదు. ఎవరూ పిలవకుండా, ఎవరూ కూలి ఇవ్వకుండా, ఒక మనిషిని నిలబెట్టడానికి ఇన్ని వచ్చాయి. నా కళ్లు తడిశాయి, అద్దం మసకబారింది, తుడుచుకుని మళ్లీ చూశాను.

ఒక్కణ్ణే చూడటం పాపమనిపించి ఆ ఆలుమగల్ని పిలిచాను. అతను, “నా లోపల నేను జూసుకుంటె బుగులైతది సారు” అని భయపడి వాకిట్లోనే నిలబడ్డాడు. ఆమె వచ్చింది. ఒక కన్ను ఎలా మూసుకోవాలో తెలియక చేత్తో మూసుకుని వంగింది. చంకలో పిల్ల జుట్టు పీకుతున్నా కదల్లేదు.

“గివన్ని ఆయన ఒంట్లయేనా?”

“ఆయనయే.”

“కదులుతున్నయి సారు.”

“ఆ.”

“ముసలియి పోయినయంటిరి గద. మరి గివెవ్వి?”

“అప్పుడే పుట్టినవి తల్లీ. నిన్నో ఇయ్యాల్నో.”

ఆమె గబుక్కున తల వెనక్కి తీసేసింది. చెయ్యి చాపి, నేను మళ్లీ చూడకుండా మైక్రోస్కోపుకు అడ్డం పెట్టింది.

“ఇగ జూడకుండ్రి సారు. పసిగుడ్లు. దిష్టి తగుల్తది.”

నేను లేచి, మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పేశాను.